ఆర్థిక మాంద్యము – ఊరి బొక్కసము

మా చిన్ననాట మా ఊరి పురపాలక సంఘపు బిల్లు కలెక్టరు ఏటికి రెండు పర్యాయములు మా వీధికి వచ్చుచుండెడివాడు. చంకలో పొడవాటి రసీదు పుస్తకము, చెవిసందున పెన్సిలు, వెనుక ఒక బంట్రోతు. ఇంటిపన్ను ఆరునెలలకొకసారి కట్టవలసినది గనుక అతని రాక అందరకును ముందుగనే తెలిసియుండును. అయినను అతడు వచ్చిన దినమున మా వీధిలో మగవారెవ్వరును ఇంటిపట్టున ఉండెడివారు కారు. ఒక యేడు పొగాకు ధర ఘోరముగా పడిపోయినది. ఆ యేడు మగవారు ఇంటనే ఉండిరి; దాగవలసిన అవసరము కూడ లేకపోయినది. "ఈ యేడు మా వల్ల కాదు" అని ఎదుటనే చెప్పి పంపివేసిరి. మరుసటి యేడు పొగాకు మంచి ధర పలికినది. ఊరిలో రెండు కొత్త మేడలు లేచినవి. సరిగా ఆ యేడే మా వీధి దీపములు ఆరిపోయినవి. గడ్డుకాలము గడిచిపోయిన తరువాత ఈ చీకటి యేమని మా నాయనగారిని అడిగితిని. "మన కష్టము నిరుటిది. మునిసిపాలిటీ కష్టము ఈ యేటిది" అని ఆయన చెప్పెను.

కళాశాలలో అర్థశాస్త్రము చదివినపుడు ఈ విషయమును గూర్చి ఎన్నియో పుటలు తిరుగవేసితిని గాని, అంతకంటె సూటిగా చెప్పినవారు నాకు కనబడలేదు. దేశమునకు వచ్చిన ఆర్థిక సంక్షోభము ఊరి బొక్కసమునకు ఆలస్యముగా చేరును. చేరిన పిమ్మట తొందరగా వెడలిపోదు. పత్రికలు మాంద్యము ముగిసినదని వ్రాసిన నాటికి పురపాలక సంఘములో అది అప్పుడప్పుడే ఆరంభమగుచుండును.

ఇట్లగుటకు కారణము పన్నుల స్వభావములోనే ఉన్నది. కేంద్ర ప్రభుత్వమునకు రాబడి తగ్గినచో లోటు బడ్జెట్టు వేసికొనవచ్చును. దాని వెనుక రిజర్వు బ్యాంకు ఉన్నది. రాష్ట్రము కొంత మేరకు అప్పు తెచ్చుకొనగలదు. పురపాలక సంఘమునకో, పంచాయతీకో ఆ సౌకర్యము లేదు. రాష్ట్రప్రభుత్వపు అనుమతి లేనిదే అది చిల్లిగవ్వ అప్పు చేయజాలదు. ఉన్న రాబడిలో ముందుగా ఎండిపోవునవి చిల్లర వనరులు: సంతలోను మార్కెట్టులోను వసూలగు ఆశీలు, ఇండ్ల నిర్మాణమునకిచ్చు అనుమతుల రుసుము, స్థిరాస్తుల క్రయవిక్రయములపై స్టాంపు సుంకముతో కలిసి వచ్చు సర్‌చార్జి. ఆశీలు పాట పాడుకొన్న గుత్తదారు తగ్గింపు కావలెనని అర్జీ పెట్టుకొనును. పెద్ద వనరైన ఆస్తిపన్ను మాత్రము వెంటనే తగ్గదు. ఇంటి విలువ ఎన్నడో నిర్ణయింపబడినది గనుక కాగితము మీది డిమాండు చెక్కుచెదరదు. చెదరునది వసూలు. ఒక యేటి బాకీ రెండవ యేటి బాకీతో కలియును. ఆ రెండును మూడవ యేట "రాని బాకీలు" అను పద్దులోనికి దిగును. అప్పటికి పైనుండి రావలసిన గ్రాంటు కూడ తగ్గియుండును. ఏలయన రాష్ట్రము తన లోటును పూడ్చుకొనుటకు మొదట తన ఇంటిలో వెదకదు. క్రింది ఇంటిలో వెదకును.

వ్యయము సంగతి దీనికి విపర్యయము. చేతిలో పని లేనివాడు ప్రైవేటు వైద్యుని విడిచి ధర్మాసుపత్రికి పోవును. కాన్వెంటు మాన్పించి పిల్లవానిని మునిసిపల్ బడిలో వేయును. కష్టకాలమున ఊరికి ఊరి సంస్థతో పని పెరుగునే గాని తరుగదు. వీధులు సగమే ఊడ్చి సగము జీతమిచ్చుటకు వీలులేదు గదా!

ఈ క్రమమంతయు ఒకేచోట, ఒకసారి గాక రెండుసార్లు స్పష్టముగా కానవచ్చిన నగరమొకటి ఉన్నది. అది అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునందలి డెట్రాయిట్. మోటారుకార్ల పరిశ్రమకు పుట్టినిల్లుగా పేరొందిన ఆ నగరమునందు 1930లో సుమారు 15 లక్షల 70 వేలమంది నివసించుచుండిరి. 1929లో న్యూయార్కు షేరు బజారు కూలిన పిమ్మట కార్లు కొనువారు లేకపోయిరి. కర్మాగారములు లక్షలాది కార్మికులను ఇండ్లకు పంపివేసినవి. 1930లో ఫ్రాంక్ మర్ఫీ అను న్యాయవాది మేయరుగా ఎన్నికయ్యెను. నిరుద్యోగులను ఆకలికి విడువరాదని ఆయన పట్టుదల. మూతపడిన ఫ్యాక్టరీ భవనములలో బస ఏర్పాటుచేయించెను. ఖాళీస్థలములను కూరగాయలు పండించుకొనుటకు కుటుంబములకు పంచిపెట్టించెను.

ఇవియన్నియు నగరపు సొమ్ముతోనే. పేదల పోషణము ఊరి బాధ్యతయే గాని దేశ ప్రభుత్వపు బాధ్యత కాదని ఆనాటి అమెరికా సంప్రదాయము. ఇందులో ఒక విచిత్రము గమనింపదగినది. ఫోర్డు కంపెనీవారి పెద్ద కర్మాగారములు డియర్‌బర్న్, హైలాండ్ పార్క్ అను వేరు మునిసిపాలిటీల ఎల్లలలో ఉండినవి. కర్మాగారము కట్టు ఆస్తిపన్ను ఆ చిన్న ఊళ్లకు పోవును. అందులో పనిచేయు కార్మికులలో వేలాదిమంది నివాసము డెట్రాయిట్‌లో. పని ఉన్నంతకాలము ఎవ్వరును ఈ సరిహద్దు గీతను పట్టించుకొనలేదు. పని పోయిన దినమున పన్ను గీతకు ఆవల నిలిచినది. ఆకలి గీతకు ఈవలకు వచ్చినది. మన నగరముల చుట్టును వెలసిన పారిశ్రామికవాడలను చూచునపుడు నాకీ సంగతి తరచు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇంటి యజమానులకు అద్దెలు రాలేదు. వారు పన్ను కట్టలేదు. అమెరికాలోని పెద్ద నగరములలో సంవత్సరాంతమునకు వసూలు కాని ఆస్తిపన్ను 1930లో సుమారు పదియవ వంతుండగా, 1933 నాటికి నాలుగవ వంతును మించినది. డెట్రాయిట్‌లో అంతకంటె హెచ్చు. మంచి కాలమున రోడ్లకును, బడులకును, నీటి గొట్టములకును నగరము బాండ్లు అమ్మి అప్పు తెచ్చియుండెను. వచ్చిన పన్నులో చాలభాగము ఆ అప్పుల వాయిదాలకే పోవుచుండెను. కొత్త అప్పు ఇయ్యవలెనన్నచో నిరుద్యోగుల సహాయమును తగ్గింపుడని బ్యాంకులవారు షరతు పెట్టిరి. 1933 ఫిబ్రవరిలో మిషిగన్ బ్యాంకులన్నియు గవర్నరు ఉత్తరువుతో మూతపడినవి. నగరపు సొమ్ము అందులో చిక్కుకొనినది. ఆ యేడే డెట్రాయిట్ తన బాండ్లను చెల్లింపలేక చేతులెత్తినది. ఉద్యోగులకు డాలర్లకు మారుగా స్క్రిప్టు అను ప్రామిసరీ కాగితములను జీతముగా ఇచ్చినది.

చికాగో ఉపాధ్యాయుల గతి ఇంతకంటె హీనము. నెలల తరబడి వారికి జీతములు లేవు. చేతికి వచ్చిన కాగితములను ముఖవిలువకు తక్కువగా అమ్ముకొని దినములు గడపిరి. 1933 ఏప్రిల్‌లో పంతుళ్లును పంతులమ్మలును చికాగో బ్యాంకుల మీదికి ఊరేగింపుగా వెళ్లిరి. మాస్టర్లకు కోపము వచ్చుట అరుదు. వచ్చినపుడు దానికి లెక్కలు తెలిసియుండును.

మర్ఫీ 1932లో పెద్ద నగరముల మేయర్లను డెట్రాయిట్‌కు పిలిచి, ఈ బరువు నగరములు మోయదగినది కాదని దేశ ప్రభుత్వమునకు చెప్పించెను. ఆ సమావేశము నుండియే నేటి అమెరికా మేయర్ల మహాసభ పుట్టినది. ఆ యేడు జూలైలో సహాయకార్యములకై 30 కోట్ల డాలర్ల అప్పును రాష్ట్రముల ద్వారా ఇచ్చుటకు చట్టము వచ్చినది. 1933 మేలో రూజ్వెల్టు ప్రభుత్వము అప్పుగా గాక గ్రాంటుగా ఇయ్యనారంభించినది. నిరుద్యోగుల పోషణ దేశము పూచీ అని అంగీకరింపబడుటకు మాంద్యము మొదలై మూడేండ్లకు పైగా పట్టినది. ఆ మూడేండ్ల బిల్లును నగరములు కట్టినవి.

మరియొక చట్టము కూడ ఆ దినములలో పుట్టినది. వ్యాపారి దివాలా తీయవచ్చును. నగరము దివాలా తీయవచ్చునా? తీసినచో ఋణదాతలు నగరసభా భవనమును వేలము వేయుదురా? దీనికి సమాధానముగా 1934లో మునిసిపల్ దివాలా చట్టము చేయబడినది. 1936లో అమెరికా సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. 1937లో సవరించి మరల చేసిరి. 1938లో కోర్టు సమ్మతించినది. ఆ చట్టము ఏ నగరము కష్టములను చూచి పుట్టినదో ఆ నగరమే మూడు తరముల తరువాత దాని తలుపు తట్టినది. 2013 జూలై 18వ తేదీన డెట్రాయిట్ దివాలా పిటీషను దాఖలుచేసినది. ఋణములు సుమారు 1,800 కోట్ల డాలర్లని అంచనా.

ఇక్కడ తేదీలను కొంచెము నిదానముగా చూడవలెను. 2008 సంక్షోభములో జనరల్ మోటార్స్ కంపెనీ కూలినది. 2009 జూన్ 1న అది దివాలా తీసినది. దేశ ప్రభుత్వపు ధనముతో జూలై 10 నాటికే బయటపడినది. ఆర్థికవేత్తల లెక్క ప్రకారము అమెరికాలో మాంద్యము ఆ 2009 జూన్‌లోనే ముగిసినది. కంపెనీ నలువది దినములలో తేరుకొనినది. నగరము దివాలా తీసినది మాంద్యము ముగిసిన నాలుగేండ్లకు! మా నాయనగారి మాట అక్కడ కూడ నిజమైనది.

దోషమంతయు సంక్షోభముపై నెట్టుట న్యాయము కాదు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న జనసంఖ్య 2010 నాటికి ఏడు లక్షల చిల్లరకు దిగినది. కర్మాగారములును, వాని వెంట కలిగినవారును పొలిమేర దాటిపోయిరి. పింఛను నిధుల లోటును పూడ్చుటకు 2005 ప్రాంతమున నగర పాలకులు 140 కోట్ల డాలర్లు అప్పుచేసి, వడ్డీ రేట్లు పెరుగునని బ్యాంకులతో ఒక విధమైన పందెము వేసిరి. 2008 తరువాత వడ్డీ రేట్లు పడిపోయినవి. పందెములో నగరము ఓడినది. రాష్ట్రప్రభుత్వము నగరములకిచ్చు వాటాను తగ్గించుచు వచ్చినది. బలహీనునకు జ్వరము వచ్చినపుడు జ్వరమొక్కటే కారణమని వైద్యుడు అనడు. అయినను మంచము పట్టించినది జ్వరమే.

నన్ను మిక్కిలి కలచినది ఆస్తిపన్ను కథ. 2008 తరువాత డెట్రాయిట్‌లో ఇండ్ల ధరలు పాతాళమునకు పోయినవి. ఇంటిని దాని బజారు విలువలో సగమునకు మించి మదింపు చేయరాదని మిషిగన్ రాజ్యాంగము శాసించుచున్నది. కాని నగరపు మదింపు అధికారులు పాత అంకెలను ధరలతో పాటు తగ్గింపలేదు. తగ్గించినచో ఖజానాలో మిగులునదేమున్నది? ఆ విధముగా పేదవాని ఇంటికి నిన్నటి విలువపై నేటి పన్ను పడినది. మూడేండ్లు బాకీ పడినవాని ఇంటిని కౌంటీవారు స్వాధీనపరచుకొని వేలము వేయుదురు. 2011 మొదలు 2015 వరకు ఆ నగరములోని ఆస్తులలో ఇంచుమించు నాలుగింట ఒకటి ఈ విధముగా జప్తు అయినది. నగరమంతటిని ఇల్లిల్లు తిరిగి తిరిగి మదింపు చేయుట అరువది యేండ్ల పిమ్మట 2017లో గాని పూర్తికాలేదు. ఆస్తిపన్ను స్థిరమైన రాబడి అని మేము పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. ఆ స్థిరత్వమును ఎవరు తమ గడపలతో చెల్లింతురో ఏ ప్రశ్నపత్రమును అడుగలేదు.

2013లో డెట్రాయిట్ వీధి దీపములలో సుమారు నూటికి నలువది వెలుగుటలేదు. అప్పులవారి దృష్టి నగరపు కళాభవనముపై పడినది. అందులో వాన్ గో చిత్రము కలదు. 1932-33లో, ఆ మొదటి మాంద్యపు నడుమనే, డియేగో రివేరా గోడలపై చిత్రించిన కార్మికుల బొమ్మలు కలవు. చివరకు దాతృసంస్థలును, రాష్ట్రమును, కళాభవనపు పోషకులును కలిసి ఇరువదియేండ్లలో సుమారు 81 కోట్ల 60 లక్షల డాలర్లు ఇచ్చునట్లు ఒడంబడిక జరిగినది. ఆ సొమ్ముతో చిత్రములు నిలిచినవి. పింఛనులు కొంతవరకు నిలిచినవి. సాధారణ పింఛనుదారుల నెలసొమ్ములో నూటికి నాలుగున్నర తగ్గినది. ధరలతో పాటు ఏటేట పెరుగు భత్యము వారికి పూర్తిగా పోయినది. వైద్యసహాయములో కోత పడినది. నాలుగున్నర శాతము స్వల్పమని తోచును. భత్యము లేని పింఛను ఏడాదికేడాది మంచుగడ్డవలె కరగుచుండునని విశ్రాంత ఉద్యోగులు ఉన్న ప్రతి ఇంటికిని తెలియును. 2014 డిసెంబరులో నగరము దివాలా నుండి విముక్తి పొందినది. 2016 ముగియు నాటికి 65 వేల కొత్త దీపములు వెలిగినవి.

మన ప్రాంతముల మాటకు వచ్చెదను. 1930 ప్రాంతపు మాంద్యము మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలను కూడ తాకినది. వడ్ల ధర ఇంచుమించు సగమునకు దిగినది. జిల్లా బోర్డులకును తాలూకా బోర్డులకును ముఖ్యాధారము భూమి సెస్సు. అది శిస్తుతో కలిసి వసూలగునది గనుక, రైతు శిస్తు కట్టలేనినాడు బోర్డువారి బడికిని, ఆసుపత్రికిని, రోడ్డునకును సొమ్ము ఆగిపోవును. 1934లో తాలూకా బోర్డులను రద్దుచేసి వాని పనులను జిల్లా బోర్డులకు అప్పగించిరి. వాని రద్దుకు వేరు కారణములును ఉన్నవి. బొక్కసము నిండుగా ఉన్న సంస్థను రద్దుచేయుట మాత్రము అంత సులభము కాకపోయెడిది.

2020లో కరోనా వ్యాధి వచ్చినపుడు సంక్షోభము వేరొక దారిలో మన పురపాలక సంఘములను చేరినది. ఆ మార్చి 25 నుండి దేశము మూతపడినది. మార్కెట్లు లేవు, ఆశీలు లేదు. రిజిస్ట్రేషన్లు లేవు, సర్‌చార్జి లేదు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రము సెలవు లేదు. అందరును తలుపులు వేసికొన్నపుడు వీధిలో ఉన్నవారు వారే. ఆ మేలో కేంద్రప్రభుత్వము, రాష్ట్రముల అప్పు పరిమితిని వాని ఉత్పత్తిలో 3 శాతము నుండి 5 శాతమునకు పెంచినది. అందు కొంత భాగమునకు షరతులు పెట్టినది. వానిలో ఒకటి ఇది: పట్టణములలో ఆస్తిపన్నునకు, రిజిస్ట్రేషను విలువలకు అనుగుణముగా కనీసపు రేట్లు నిర్ణయింపవలెను, నీటి సరఫరాకును మురుగు పారుదలకును రుసుములు నిర్ణయింపవలెను. ఈ షరతును మొదట నెరవేర్చిన రాష్ట్రములు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, మూడవది తెలంగాణ. ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్లు, తెలంగాణకు 2,508 కోట్లు అదనముగా అప్పు తెచ్చుకొనుటకు అనుమతి లభించినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టము సవరించి, 2021 ఏప్రిల్ 1 నుండి అద్దె విలువకు మారుగా మూలధన విలువను బట్టి ఇంటిపన్ను నిర్ణయించిరి. పెరుగుదల ఏడాదికి 15 శాతమును మించరాదని కట్టడి చేసిరి. పాత అద్దె విలువలు ఏండ్ల తరబడి సవరింపబడలేదనుట సత్యము. డెట్రాయిట్ కథ విన్నవారెవ్వరును మదింపు మారకుండ ఉండుటయే మేలని అనజాలరు. అయినను ఆ క్రమమును చూడుడు. వ్యాధి వలన రాబడి పోయినది అందరకును. అప్పు తెచ్చుకొనినది రాష్ట్రము. దానికై నోటీసు అందుకొనినది పట్టణములోని గృహస్థు. ఆ పెంపు ఒక్కసారిగా గాక ఏటేట పదునైదేసి శాతము చొప్పున వచ్చునట్లు ఏర్పాటు చేయుటచేత, వ్యాధిని మరచిపోయిన తరువాత కూడ దాని వాయిదా ఇంటికి వచ్చుచునే ఉండును. ఇది పురపాలక సంఘపు తప్పని బిల్లు కలెక్టరుతో జగడమాడుట మాత్రము వ్యర్థము. అతనికి తెలిసినది తన చేతిలోని డిమాండు పుస్తకమొక్కటే.

గ్రామ పంచాయతీల స్థితి ఇందుకు భిన్నము. వానికి పోగొట్టుకొనుటకు సొంత పన్ను అనునదే లేదని చెప్పవచ్చును. రిజర్వు బ్యాంకు ప్రకటించిన నివేదిక ప్రకారము 2022-23లో దేశములోని ఒక్కొక్క పంచాయతీ తన పన్నుల ద్వారా సగటున ఆర్జించినది 21 వేల రూపాయలు. దినమునకు అరువది రూపాయలు కూడ కాదు. కేంద్రము నుండి వచ్చిన గ్రాంటు సుమారు 17 లక్షలు. ఇట్టి పంచాయతీకి మాంద్యము పంటధర రూపమున రాదు. బాకీల రూపమునను రాదు. ఈ త్రైమాసికపు విడుదల వాయిదా పడినదను ఒక్క వాక్యపు వర్తమానముగా వచ్చును. పదునైదవ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వరకు స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అది చిన్న మొత్తము కాదు. కాని ఒక ఊరి వీధి దీపము ఎన్నో వందల మైళ్ల దూరమున ఎవరో చేయు సంతకముపై వెలుగునపుడు, అది ఆరిపోయిన రాత్రి గ్రామస్థుడు ఎవరి ఇంటికి పోయి అడుగవలెను? సర్పంచి ఇంటికే పోవును. ఆయన మరునాడు మండల కార్యాలయమునకు బయలుదేరును.